అల్లం వాసన వేసే ఊపిరి

మొదట వినిపించేది ఊపిరి. ఉఫ్... కాస్త ఆగి మళ్లీ, ఉఫ్...

కింది వాటా పెరట్లో, స్నానాల గది రేకు తలుపు వెనక నుంచి ఆ చప్పుడు మెట్లెక్కి నా కిటికీ దాకా వచ్చేది. పొయ్యి ఊదే మనిషి ఊపిరిలో తొందర ఉంటుంది. ఇందులో అది లేదు. అరచేతిలో వాలిన ఈకను, ఎగురుతావా అని అడుగుతున్నట్టు ఉండేది. దాని వెంటే పసిపిల్ల ఏడుపు ఆగిపోయేది. తర్వాత తలుపు తెరుచుకునేది. వేడినీళ్ల ఆవిరిలోంచి ముందు ఒక తువ్వాలు మూట, ఆ మూట వెనక ఒక ముసలామె బయటికి వచ్చేది.

ఆమె భాగీరథి. కాలనీలో అందరికీ భాగీరథవ్వ. పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. జహీరాబాద్‌లో మా వైపు వీధుల్లో ఏ ఇంట్లో బాలింత ఉన్నా, పొద్దున ఎండ గోడ మీదికి ఎక్కే వేళకు ఆమె ఆ ఇంటి పెరట్లో ఉండేది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి, పీట మీద కూర్చుని, కాళ్లు ముందుకు చాపేది. ఆ రెండు కాళ్ల మధ్య లోయలో బిడ్డను బోర్లా పడుకోబెట్టేది. నీళ్ల వేడి చూడటానికి వేళ్లు ముంచేది కాదు. "నా వేళ్లు మొద్దువారినయి, ఇవి అబద్ధం చెప్తయి" అని మోచేయి ముంచేది.

ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ దాటాక, కర్ణాటక అంచున ఉన్న ఊరు. అందుకే పసిపిల్లను కన్నడంలో కూసు అనేది. ఏ ఇంటి బిడ్డకు ఏ పేరు పెట్టినా ఆమెకు అందరూ కూసులే.

కింది వాటాలో ఉండేది నారమ్మ, ఆమె కొడుకు నవదీప్, కోడలు స్వప్న. నవదీప్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెద్దమ్మాయి సహస్ర అప్పుడే నర్సరీలో చేరింది. నిరుడు వానల చివర్లో వాళ్లకు రెండో ఆడపిల్ల పుట్టింది. నారమ్మ, భాగీరథవ్వల మాటలతోనే నాకు రోజూ తెల్లవారేది.

"జర మెల్లగ రుద్దు భాగీరథీ, అది పిల్ల, రొట్టె పిండి గాదు."

"రొట్టె పిండైతే నువ్వే పిసుకుదువు గద నారమ్మా. నీతోని కాకనే నన్ను పిలిచినవ్."

"మాటలకేం తక్వ లేదు."

"మాటలు లేకుంట నీళ్లు పోస్తె కూసు మూగదైతది. చూస్కో మరి."

నీళ్లు పోయడం అయ్యాక ఊదటం. అది అందరూ చేసేదే, కానీ ఆమెకు అందులో ఒక పద్ధతి ఉంది. రెండు చెవుల్లో చెరో ఊదు, నీళ్లు పోవడానికి. ముక్కు దగ్గర ఒక ఊదు, ఊపిరి తెరుచుకోవడానికి. నడినెత్తి మీద ఒకటి, ఎవరి కళ్లూ పడకుండా. ఊదే ముందు కొంగు ముడిలోంచి అల్లం ముక్క తీసి నమిలేది. ఈ చుట్టుపట్ల ఎర్రమట్టిలో అల్లం పండని ఊరు తక్కువ. పంట చేతికొచ్చే రోజుల్లో మార్కెట్ వైపు గాలి తిరిగితే చాలు, ఊరంతా ఘాటుగా తుమ్మబుద్ధేస్తుంది. అల్లం నమిలినవాళ్ల ఊపిరికి ఏ రోగమూ అంటదని ఆమె నమ్మకం. ఎక్కడ నేర్చుకుందో తెలీదు. బహుశా ఎక్కడా నేర్చుకోలేదు. అల్లం నేల మీద పుట్టిన మనిషికి అల్లం మీద నమ్మకం నీళ్లతో పాటే వచ్చి ఉంటుంది.

ఆమె ఉండేది బస్టాండు వెనక సందులో ఒక్క గది. భర్త ఈరయ్య చెరకు లారీల మీద లోడెత్తే పనికి పోయేవాడు. చనిపోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతుంటే ఆ గదిలో గిన్నెలు వాటంతటవే కదిలి చిన్నగా చప్పుడు చేస్తాయి. "ఎవరో ఉన్నట్టే ఉంటది" అనేది నవ్వుతూ. ఆమెను తాకేవాళ్లు, ఆమె తాకేవాళ్లు, ఆ పసిపిల్లలే. వాళ్ల నూనె వాసనను చీర కొంగులో మోసుకుని గదికి పోయేది.

తొట్టెల పండుగకు వారం ముందు సహస్ర నర్సరీ నుంచి ముక్కు కారుకుంటూ వచ్చింది. కాలనీ అంతా తుమ్ముతూనే ఉంది, వానలు వెనక్కి పోయే ఆ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు? తర్వాత భాగీరథవ్వకు గొంతు బొంగురుపోయింది.

"సర్దైనట్టున్నది గద నీకు" అంది నారమ్మ.

"సర్దే గద. పానం తీసే రోగమా? ఇయ్యాల రెండు ముక్కలు ఎక్వ నమిలిన."

ఇద్దరూ నవ్వారు. ఉఫ్ అన్న చప్పుడు రోజూలాగే నా కిటికీ దాకా వచ్చింది. దానిలో ఆ రోజు చిన్న జీర ఉంది.

ఆ ఆదివారం తొట్టెల పండుగ. చుట్టాలు మొగుడంపల్లి నుంచి, బీదర్ నుంచి వచ్చారు. ఉయ్యాలలో ఉన్న కాలం కంటే చేతుల మీద ఉన్న కాలమే ఎక్కువ ఆ పిల్లకు. ఒకరు ముద్దు పెట్టుకుని ఇంకొకరికి అందించారు. ఎవరి ముక్కు ఎర్రగా ఉందో ఎవరూ చూడలేదు. చలిగాలి తగలకూడదని నారమ్మ కిటికీలు మూయించింది. కుంపట్లో సాంబ్రాణి పొగ గది నిండా ముసిరింది. ఆ పొగలో అందరి ముఖాలూ ఒక పాత ఫోటోలోవాళ్లలా మసకగా, సంతోషంగా ఉన్నాయి.

తర్వాత పిల్ల తుమ్మింది. ఆపైన పాలు తాగుతూ తాగుతూ రొమ్ము వదిలేయడం మొదలుపెట్టింది. రెండు గుక్కలు తాగి ఆగేది, ఆయాసపడి ఏడ్చేది, ఏడవటానికి కూడా ఊపిరి చాలక ఊరుకునేది. భాగీరథవ్వ వచ్చేసరికి స్వప్న పిల్లను భుజాన వేసుకుని తిరుగుతోంది. పిల్ల ఛాతీలోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు.

"పిల్లికూతలు" అంది నారమ్మ.

"కఫం గట్టిపడ్డది. ధూపం పట్టిస్తే కరుగుతది" అని భాగీరథవ్వ కుంపటి అందుకుంది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. ముక్కు దగ్గర ఊదటానికి వంగింది కూడా.

స్వప్న అప్పుడు పిల్ల అంగీ ఎత్తి చూసింది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. పెదవుల చుట్టూ రంగు మారింది.

"ఆపవ్వా!" అని అరిచింది స్వప్న. ఆ ఇంట్లో ఆ కోడలి గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. "పొగ తియ్యి. నువ్వు జరుగు. జరుగవ్వా!"

నవదీప్ ఆటో తెచ్చాడు. పిల్లల దవాఖానలో ఆక్సిజన్ పెట్టి, ఇక్కడ కాదు సంగారెడ్డికి తీసుకుపొమ్మన్నారట. నేను మెట్లు దిగేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. పెరట్లో భాగీరథవ్వ ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో పొగలు కక్కే కుంపటితో. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. పీట పక్కన బకెట్లో నీళ్లు చల్లారిపోతున్నాయి.

ఆ తర్వాత ఆమె రోజూ గేటు దాకా వచ్చేది. సహస్రను చూసుకోవడానికి నారమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

"కూసు ఎట్లున్నది నారమ్మా?"

మొదటి రోజు నారమ్మ వినిపించుకోనట్టు లోపలికి పోయింది. మర్నాడు పలికింది. "గొట్టాల మీద ఉన్నది. నీ ఊపిరే తగిలింది నా పిల్లకు. దినాం నోరు పెట్టి ఊదితివి. ఇంక ఏం ఊదుదామని వచ్చినవ్?"

భాగీరథవ్వ గేటు ఊచ మీద చేయి వేసి, తీసేసింది. తన చేయి ఆనిన చోటును కొంగుతో తుడిచి వెళ్లిపోయింది. తర్వాత రాలేదు.

రాలేదన్న సంగతి నాకు చప్పుడు లేకపోవడంతోనే తెలిసింది. ఏ పెరట్లోంచీ ఉఫ్ అన్న ఆ ఊపిరి లేదు. ఒక మధ్యాహ్నం బస్టాండు వెనక సందులోకి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి ఈల. ఆ పిల్ల ఛాతీలోని ఈల లాంటిదే, కాకపోతే ముదురు గొంతుతో. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. పీట మీద కూర్చున్నప్పటిలాగే కాళ్లు ముందుకు చాపి ఉన్నాయి. వాటి మీద ఎవరూ లేరు.

"కూసు..." అంది. మిగతా మాటకు ఊపిరి చాలలేదు.

"ఆక్సిజన్ తగ్గించారట అవ్వా. పాలు తాగుతోందట."

ఆమె కళ్లు మూసుకుంది. నేను ఆటో పిలిచాను.

ప్రభుత్వ దవాఖానలో ఒక యువ డాక్టరమ్మ ఛాతీ విని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టించింది. రెండో రోజు అవ్వ మంచం పక్కనే కూర్చుని అడిగింది. "ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉన్నారా అమ్మా?"

"నా ఇంట్ల ఎవ్వరు లేరు."

నేను కల్పించుకుని ఆమె పనేమిటో చెప్పాను. కింది వాటా పిల్ల సంగతి, సంగారెడ్డిలో ముక్కులోంచి తడి తీసి పరీక్ష చేస్తే ఏదో ఇంగ్లీషు అక్షరాల వైరస్ అన్నారని కూడా చెప్పాను.

"ఆర్‌ఎస్‌వీ" అంది డాక్టరమ్మ. "మీకూ అదే అయ్యుంటుంది. అదేమీ కొత్తది కాదమ్మా. రెండేళ్లు నిండేలోగా దాదాపు పిల్లలందరికీ ఒకసారి వచ్చిపోతుంది. చాలామందికి ఉత్త జలుబే. నా వయసువాళ్లకు కూడా. అందుకే ఎవరూ లెక్కచేయరు."

"సర్దే అనుకున్న నేను."

"సర్దే. కానీ ఎవరి ఊపిరి గొట్టంలోకి పోయిందన్నది ఉంటుంది." జేబులోంచి పెన్ను తీసి, విప్పి, రీఫిల్ చూపించింది. "మనకు లోపలి గొట్టాలు వెడల్పు. కాస్త వాచినా గాలి ఆడుతుంది. నెలల పిల్లకు ఇంతకంటే సన్నం. అంతే వాపు, అంతే కఫం. కానీ మూసుకుపోతుంది. పాలు తాగలేదు, ఊపిరి తీసుకోలేదు. ముసలివాళ్లకు గొట్టం పెద్దదే కానీ లోపల బలం తగ్గి ఉంటుంది. అందుకని అటు చివర వాళ్లనీ, ఇటు చివర వాళ్లనీ పట్టుకుంటుంది."

"దీనికి సూది లేదా బిడ్డా?"

"చంపే మందు లేదు. మామూలు యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. ఆక్సిజన్, నీళ్లు, ముక్కు శుభ్రం చేయడం, కనిపెట్టుకుని ఉండటం. ఒళ్లే దాన్ని గెలుస్తుంది. పొగ మాత్రం వద్దు. సాంబ్రాణైనా, బొగ్గులైనా, బీడీ అయినా."

భాగీరథవ్వ చాలాసేపు రీఫిల్ వైపు చూసింది. "అల్లం నమిలినా పోదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు నాకు ఆమె మీద ఇష్టం కలిగింది. "అల్లం గొంతుకు హాయిగా ఉంటుందమ్మా. తుంపరలో ఉన్న వైరస్‌ను ఆపదు. చేతుల మీద, తువ్వాలు మీద కూడా కొంతసేపు బతికి ఉంటుంది. సబ్బుతో కడిగితే పోతుంది. ఒంట్లో బాగాలేని రోజు పిల్లల దగ్గరికి పోకుండా ఉండాలి, అంతే."

"అయితే నేనే ఇచ్చిన. కూసుకు."

"చెప్పలేం. వాళ్ల అక్క బడి నుంచి తెచ్చి ఉండొచ్చు. పండుగకు వచ్చినవాళ్లలో ఎవరైనా కావచ్చు. మీకే ఆ ఇంట్లోంచి వచ్చి ఉండొచ్చు. తేలదు."

తేలదు. ఆ మాటను భాగీరథవ్వ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకుంది. తానే అని తేలితే ఏడ్చి ఊరుకునేది. తాను కాదంటే తలెత్తుకునేది. ఆమెకు ఆ రెండూ లేవు.

పిల్ల బతికింది. కాస్త చిక్కి ఇంటికొచ్చింది, నెల తిరిగేసరికి పుంజుకుంది. భాగీరథవ్వ కూడా లేచి తిరగసాగింది. కానీ ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. ఎదురుపడితే "మంచిగున్నవా అవ్వా" అని అడుగుతూ చంకలో పిల్లను మాత్రం ఆమె వైపు నుంచి అవతలి పక్కకు మార్చుకునేవాళ్లు. ఆమె అది చూసేది. చూడనట్టు రోడ్డు మీద పోయే ఎర్ర ట్రాక్టర్ల వైపు తల తిప్పేది.

చలికాలంలో అల్లం తవ్వకం మొదలయ్యింది. ఆమె అల్లం కడిగే చోట కూలికి పోయేది. రోజంతా మట్టి వదిలించినా ఒక్క ముక్క కూడా కొంగున కట్టుకునేది కాదు.

"అల్లం మీద కోపమొచ్చిందా అవ్వా?" అన్నాను ఒకసారి.

"కోపం ఎందుకు బిడ్డా? దానికేం ఎర్క. నేనే దాన్ని మస్తు నమ్మిన."

ఆదివారాలు నేను వెళ్లేదాన్ని. కూర్చోవడానికి ఆ పీటే వేసేది. పిల్లలకు రాసే నూనె సీసాను కిటికీలోనే ఉంచేది, ఎండకు చెడిపోకుండా, చలికి గడ్డకట్టకుండా రోజూ చోటు మారుస్తూ. ఒకసారి ఆ నూనె తన మోకాళ్లకే రాసుకుంటూ కనిపించింది. రాసుకుని, కాళ్లు చాపి, అరచేతులు వాటి మీద పెట్టుకుని ఉంది. "బరువు లేకపోతె కాళ్లు తేలిపోతున్నయి" అంది. బయట ఏదో లారీ పోయింది. గిన్నెలు చిన్నగా మాట్లాడుకున్నాయి.

మళ్లీ వానలొచ్చాయి. నారమ్మ కూతురు లావణ్య కాన్పుకు పుట్టింటికి వచ్చి మగపిల్లవాణ్ణి కన్నది. కొత్త ఆమెనెవరినో నీళ్లు పోయడానికి పెట్టారు. పిల్లవాడి ఏడుపు ఒకటే నా కిటికీ దాకా వచ్చేది. ఒక పొద్దున నారమ్మ మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ కొత్తామెకు చేతగాదు. పోరడు ఏడ్చేడ్చి నీలుక్కుంటున్నడు. నువ్వు జర పోయి ఆ ముసల్దాన్ని పిలువరాదూ?"

"మీరే పిలవచ్చు కదా నారమ్మగారూ."

"గంత మాటన్న నోటితోని నేనెట్ల పిలుస్త?" అంది చూపు దించుకుని. "నేను పిలిచిన్నని మాత్రం చెప్పు."

నేను చెప్పినప్పుడు భాగీరథవ్వ తలుపు వెనక్కి వెళ్లి చీర మార్చుకుంది. సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడిగింది, కడిగిందే మళ్లీ కడిగింది. నూనె సీసా కొంగులో చుట్టుకుంది. దారి పొడవునా నాకంటే ఒక అడుగు ముందే నడిచింది. మాట మాత్రం లేదు. ఇన్నాళ్ల తర్వాత పిలుపు వచ్చిన మనిషి ఇంత మౌనంగా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

గేటు దగ్గర నిలబడ్డాక అర్థమైంది. ఆమె నావైపు తిరిగినప్పుడు పచ్చి అల్లం వాసన వచ్చింది. ఘాటుగా, అప్పుడే నమిలినట్టు. ముక్కు అంచులు ఎర్రగా, తడిగా ఉన్నాయి.

లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. నీళ్లు కాగిన వాసన. స్వప్న కూతురు, నిరుడు ఆక్సిజన్ మీద పడుకున్న పిల్ల, ఇప్పుడు గోడ పట్టుకుని గేటు వైపు నడిచి వస్తోంది. ఆమెను చూసి ఆగి, నవ్వింది. పైన రెండు పళ్లు.

భాగీరథవ్వ చేయి గేటు గడియ మీద ఉంది. తీస్తే చాలు. ఆమె ముక్కు సంగతి ఎవరికీ తెలీదు. నాకు తెలిసింది కూడా అప్పుడే. ఎండలో గంటసేపు తిరిగితే పోయే పడిశమే కావచ్చు. కాకపోవచ్చు. తేలదు. పిల్లవాడు ఏడుపు ఆపి, ఊపిరి కూడగట్టుకుని, మళ్లీ అందుకున్నాడు. ఆమె ఛాతీ కూడా ఆ ఏడుపుతో పాటే ఆగి, మళ్లీ ఎగసింది. పెదవులు గుండ్రంగా అయ్యాయి, ఊదబోతున్నట్టు.

ఊదలేదు. గడియ మీదినుంచి చేయి తీసి, కొంగు ముక్కుకు అడ్డంగా కప్పుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. పిల్ల ఇంకా దగ్గరికి వస్తుంటే ఇంకో అడుగు. నూనె సీసా తీసి, చీర కుచ్చిళ్లతో శుభ్రంగా తుడిచి గేటు దిమ్మె మీద పెట్టింది.

"అవ్వా, ఏమని చెప్పను వాళ్లకు? ఊళ్లో లేవని చెప్పనా?"

ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. కొంగు చాటు నుంచే, తల సగం తిప్పి చెప్పింది.

"అబద్ధమెందుకు బిడ్డా? ముక్కు కారుతున్నదని చెప్పు. తగ్గినంక నేనే వస్త. ఇగ పిలువకున్నా వస్త."